జంట గోడల దిక్కు

కంప్యూటర్‌లో కట్టిన లెక్కా, బల్ల మీద పెట్టిన ప్యానెలూ ఒకే మాట చెబితే నేను నమ్మను. ముప్పై ఏళ్లలో ఎన్నడూ చెప్పలేదు. ఎంతో కొంత తేడా ఉంటుంది. ఈసారి ఆరు పాయింట్ రెండు మిల్లీమీటర్లు వంగుతుందని లెక్కలో ఉంది. బరువు పెడితే సరిగ్గా అంతే వంగింది.

లెక్క కట్టింది నా బావమరిది. ప్యానెల్ అతికించింది నేను. రెండు పలుచని రేకుల మధ్య తేనెపట్టు లాంటి కోర్ పెట్టి జిగురుతో అంటిస్తాం. రోగులను మోసే హెలికాప్టర్‌లో స్ట్రెచర్ కింద వేసే నేల అది. మొత్తం తొమ్మిది. నా సంతకం పడితే మర్నాడు లారీ ఎక్కుతాయి.

నా భార్యకు ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పిన మాటను ఈ మనిషి మూడు వారాలు నా దగ్గర దాచాడు. చివరి రోజు కూడా నన్ను డ్యూటీకి పంపాడు. అప్పటినుంచి అతను మంచినీళ్లిచ్చినా వాసన చూసి తాగుతాను.

రిపోర్టు తీసి చదివాను. నాది ఊరి బడి చదువే గానీ అంకెలు చదవగలను. తేనెపట్టులో వేల గదులుంటాయి. మోడల్‌లో వాటిని ఒక్కొక్కటీ గీయరు. బదులుగా ఒక దిమ్మ పెట్టి, పొడవునా ఇంత బిగువు, అడ్డంగా ఇంత అని అంకెలిస్తారు. అడ్డం అంకె పొడవు అంకెలో సగం ఉంటుంది. పోయినేటి రిపోర్టు పక్కన పెట్టి చూశాను. అదే రకం కోర్, అదే మందం. ఈసారి పొడవు అంకెను సగానికి దించాడు.

అతని గదికి వెళ్లి ఎందుకని అడిగాను. తెర మీది నుంచి కళ్లు తిప్పలేదు.

"జిగురు బావా. సరిగ్గా పట్టకపోతే బిగువు తగ్గుతుంది. కొలిచినదానికి సరిపోయేలా సర్దాను. అందరూ చేసేదే."

"నా జిగురు పట్టలేదంటావు."

"నీదని నేనన్నానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావేం?"

పక్క సీటాయన నవ్వాడు. నేను నవ్వలేదు.

ప్యానెళ్లతో పాటే అతికించిన నమూనా ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని రంపానికి పెట్టి, పైరేకును పట్టుకారుతో పీకాను. జిగురు ఊడలేదు. కోర్ రేకే చిరిగింది. ఆ ముక్కను అతని మొహాన కొట్టాలని బయల్దేరి, తలుపు దగ్గర వెలుతురులో ఒకసారి తిప్పి చూశాను.

గదుల గోడల్లో కొన్ని ఒంటివి, కొన్ని జంటవి. రెండు రేకులు కలిసి అంటుకున్న చోట జంట గోడ. జంట గోడలు ఎటు సాగితే అది బిగువైన దిక్కు. అవి ప్యానెల్ పొడవునా సాగాలి. ముక్క మీద పొడవు గుర్తు నేనే గీశాను. గోడలు దానికి అడ్డంగా సాగుతున్నాయి.

పాత సరుకులో జంట గోడలు ఎప్పుడూ కోర్ దిమ్మ పొడుగు వైపే ఉండేవి. అందుకని పొడుగు చూసి పరిచేస్తాను, గదులు చూడను. చూసి తీరాలని కొత్తవాళ్లను తిట్టేది మాత్రం నేనే. ఇది కొత్త కంపెనీ సరుకు. దిక్కు చూపే బాణం గుర్తు పైకాగితం మీద ఉంటుంది. ఆ కాగితం చూడకుండా చింపి పారేశాను. తొమ్మిదీ ఒక్క రోజే పరిచాను.

వెనక్కి వెళ్లి ముక్కను అతని బల్ల మీద పెట్టాను. చూడగానే పక్క సీటాయనను టీకి పంపేశాడు.

మొదటి పరీక్ష రోజే తెలిసిందన్నాడు. ప్యానెల్ లెక్క కంటే ఎక్కువ వంగితే, మోడల్‌లో కోర్‌ను అడ్డం తిప్పి చూశాడట. అచ్చు గుద్దినట్టు సరిపోయిందట. నాకింక ఐదు నెలల సర్వీసే ఉందని, ఇది బయటపడితే గేటు బయట నిలబెడతారని, దిక్కు సంగతి రాయకుండా అంకె ఒక్కటీ దించి జిగురు పేరు చెప్పాడట. వంగడం హద్దులోనే ఉంది కదా అన్నాడు.

వంగడం బల్ల మీద కొలుస్తాం. హెలికాప్టర్ నేలను గుద్దుకున్నట్టు దిగితే ప్యానెల్ తెగుతుందా అన్నది మా దగ్గర ఎవరూ కొలవరు. దానికి మోడల్ మాటే వేదం.

"తెగే లెక్కలో కోర్ ఏ దిక్కున పెట్టావు?"

మౌస్ కదిపి ఆ లెక్క తెరిచాడు. "పాత దిక్కే."

"తిప్పితే?"

"చూడలేదు బావా."

"ఇప్పుడు చూడు."

తిప్పాడు. పదకొండు నిమిషాలు పట్టింది. తెర మీద స్ట్రెచర్ కాళ్ల చుట్టూ ఎర్రబడింది. అంటే అక్కడ తెగుతుంది.

"అక్క ఉంటే నేను చేసింది తప్పనేది కాదు," అన్నాడు.

"ఆ స్ట్రెచర్ మీద మీ అక్కను పడుకోబెట్టి ఆ మాట మళ్లీ చెప్పు."



తిరస్కరణ చీటీలు తొమ్మిది రాశాను. కారణం: కోర్ దిక్కు తప్పు. చేసినవాడి పేరు దగ్గర నా పేరు. పదో కాగితం మీద రిపోర్టు మార్చినవాడి పేరు. తన పిల్లలింకా బడికి పోతున్నారని గుమ్మం దాకా వెంటపడి చెప్పాడు. తెలుసన్నాను.

మేనేజర్ పదీ చదివి కళ్లద్దాలు తీశాడు. మీ తొమ్మిది చాలు, పదోది వెనక్కి తీసుకోండి, సొంత బావమరిది కదా అన్నాడు.

తీసుకోలేదు. లారీ ఆపమని అక్కడి ఫోనులోనే గేటుకు చెప్పి బయటికి వచ్చాను.