కూలర్ తీసేసిన కారు

పాత ఇనుము కొనేవాడు మధ్యాహ్నానికి వస్తానన్నాడు. మా అక్క ఆస్పత్రి దుప్పట్లు ఉతికి, మూటలు కట్టి, ఆ పాత డీజిల్ కారులోనే చేరవేస్తుంది. కారు పోతే ఆ పనీ పోయినట్టే. అయినా మా బావకి తొందర. రేడియేటర్ నీళ్ళలో నూనె తేలుతోందని మెకానిక్‌కి చూపిస్తే, ఇంజిన్ హెడ్డు పోయింది, తూకానికి ఇచ్చెయ్యమన్నాడట. బావకి అదే వేదవాక్కు.

"హెడ్డు పోతే నూనెలోకి నీళ్ళు కూడా రావొచ్చు కదే? చూడు, చుక్క లేదు." అక్క నూనె కొలిచే డిప్‌స్టిక్ తీసి నా ముక్కు కింద పెట్టింది. "నా అనుమానం ఆయిల్ కూలర్ మీద."

అది ఇంజిన్‌కీ ఆయిల్ ఫిల్టర్‌కీ మధ్య ఉంటుంది. లోపల ఒక పక్క నూనె, ఇంకో పక్క నీళ్ళు, మధ్యలో పల్చటి రేకు. రేకు చిల్లుపడితే రెండూ కలుస్తాయి. కూలర్ తీసేసి నడిపితే సంగతి తేలిపోతుంది.

"అది కాకపోతే?" అన్నాను.

"తూకానికే."

ఇంక నాకు కాలు ఒకచోట నిలవలేదు. కూలర్ ఊడబీకాం. ఫిల్టర్‌ని నేరుగా ఇంజిన్‌కి బిగించడానికి పొట్టి బోల్టు అక్క ముందే సంపాదించి పెట్టుకుంది, గట్టి పిండం! విడిపోయిన రెండు నీళ్ళ గొట్టాలనీ ఇస్త్రీ యంత్రం తాలూకు రాగి గొట్టం ముక్కతో కలిపాం. తగ్గిన నూనె నేను పోశాను. రేడియేటర్‌ని దుప్పట్లు ఉతికే సబ్బుతోనే కడిగి, జాడించి, కొత్త నీళ్ళూ నేనే పోశాను.

ఇంజిన్ తిప్పగానే నీళ్ళ మీద రంగురంగుల పొర!

"నేను చెప్పానా?" అన్నాడు బావ. పొద్దుట్నించీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని, ఆడవాళ్ళు విప్పిన ఇంజిన్ మళ్ళీ మోగుతుందా అని దెప్పుతూనే ఉన్నాడు. అక్క ముఖం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకోబోతే చేతిలో గరాటు. జిడ్డు గరాటు. నూనె పోసిన దాంతోనే నీళ్ళు పోశాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

"అక్కా, తర్వాత తిడుదువుగాని, ముందు ఇంజిన్ ఆపు!"

నీళ్ళన్నీ వంపేసి మళ్ళీ కడిగాం. ఈసారి శుభ్రమైన చెంబుతో అక్కే పోసింది. ఇంతలో వీధిలో లారీ హారన్. అక్క తాళం తిప్పింది. ఇంజిన్ వేడెక్కింది. ముగ్గురం తలలు దగ్గరపెట్టి చూశాం. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఫిల్టర్ దగ్గర తడి లేదు. నేను కేక పెట్టి అక్కని వాటేసుకున్నాను.

లారీ దిగిన ఇనుమువాడు చెవి ఒగ్గి విన్నాడు. "ఇంజిన్ పోయిందన్నారు? ఎవరు బాగుచేశారు?"

బావ గొంతు సవరించుకున్నాడు. ఏం కూస్తాడోనని నేను నడుం బిగించాను.

"మా ఆవిడ," అన్నాడు, ఛాతీ విరుచుకుని.

అక్క ఒక్క క్షణం అటు తిరిగి నిలబడింది. తర్వాత పైటతో ముఖం తుడుచుకుని బావని గదిమింది. "అలా చూస్తారేం? ఆస్పత్రిలో రోగులు వట్టి మంచాల మీద పడుకున్నారు పాపం. మూటలు ఎక్కించండి. ఇంజిన్ వేడి చూపించే ముల్లు చూసుకుంటూ మెల్లగా పోతాను."

బావ రెండు మూటలు ఒకేసారి ఎత్తాడు.