చెయ్యి కాలని పైపు

పని పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి మా బాబాయి దగ్గర ఉన్నది ఒకటే పరీక్ష. డాబా మీద సోలార్ హీటర్ బిగించాక వేడినీళ్ల పైపు మీద అరచెయ్యి వేస్తాడు. చుర్రుమని వెనక్కి లాక్కున్నాడంటే పని అయినట్టు. తర్వాత ఇంటివాళ్లచేత కూడా పట్టించి, వాళ్లు ‘అమ్మో’ అన్నాకే కిందికి దిగుతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఆ చదువుకంటే ముందు, సెలవుల్లో బాబాయికి స్పానర్లు అందిస్తూ నేర్చుకున్నది ఈ పరీక్షే.

మోకాళ్ల డాక్టరమ్మ కొలను దగ్గర చిక్కు తెచ్చిందీ అదే.

నొప్పులున్నవాళ్లను గోరువెచ్చని నీళ్లలో నడిపించాలని ఆవిడ క్లినిక్ వెనక ఆరుబయట చిన్న కొలను కట్టించారు. గ్యాస్‌తో కాచుకుందామనుకున్నారు. ఈలోగా భవనాలకు కొత్త ఇంధన నియమాలొచ్చాయి. ఆరుబయటి కొలను ఎండతోనే వేడెక్కాలి, వాడనప్పుడు నీళ్ల మీద కప్పు ఉండాలి. లేకపోతే తెరవడానికి అనుమతి లేదు. మా డిజైన్ ఆఫీసు ఆ లెక్కలు నాకు అప్పగించింది. బిగించే పని, నా సిఫారసు అక్కర్లేకుండానే, బాబాయికి దక్కింది.

నేను గీసిన పటంలో అద్దాల పెట్టెలు లేవు. డాబా అంతా పరిచిన నల్లటి రబ్బరు చాపలు, వాటి సన్నటి గొట్టాల్లోంచి పారే కొలను నీళ్లు, అంతే. బాబాయి పటాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అద్దం లేదు, ట్యాంకు లేదు. ఇది హీటరా, ఆరేసిన చాపా?” అన్నాడు. కప్పు సంగతి చదివి ఇంకా నవ్వాడు. “నీళ్లకు దుప్పటి కూడానా? మరి జోలపాట ఎవరు పాడాలే, నువ్వా నేనా?”

నవ్వితే నవ్వాడు గానీ, ఎక్కడా చుక్క కారకుండా బిగించాడు.

బుధవారం డాక్టరమ్మ ఫోన్ చేశారు. ఎండ దంచుతున్నా నీళ్లు జిల్లుమంటున్నాయట. ఎలా ఉందో చూద్దామని అందులో దిగిన ఒక పెద్దాయన పళ్లు టకటకలాడించుకుంటూ బయటికొచ్చాడట. సోమవారం తనిఖీ అధికారి వస్తాడు. ఆయన కాదంటే ఇక ఆ కొలను జోలికి పోనన్నారు. “మట్టితో పూడ్చి గులాబీలు వేసుకుంటానమ్మా. అవైనా చలికి వణకవు.”

నా లెక్క మీద నాకు అనుమానం లేదు. తిన్నగా డాబా ఎక్కాను. చాపలు పెనంలా కాలుతున్నాయి. పైపు పక్కన బాబాయి ఎర్రబడ్డ అరచేతిని ఊదుకుంటూ కూర్చున్నాడు. వాల్వు ముప్పాతిక వంతు మూసి ఉంది.

“నువ్వు చెప్పినట్టు వదిలితే పైపు చచ్చినట్టు చల్లగా ఉంది. నీళ్లు బిగబట్టాను. చూడు, ఎలా దారికొచ్చిందో,” అన్నాడు.

తప్పెక్కడుందో ఇట్టే తెలిసింది. స్నానానికి కావలసింది బకెట్టెడు వేణ్ణీళ్లు. కొలనుకు కావలసింది ఒక్క పిసరు వేడితో ఆగకుండా తిరిగే నీళ్లు. బిగబట్టిన వేడి కొలనులోకి పోవడం లేదు, చాపల మీదే ఉండి గాలికి పోతోంది. కానీ పని నేర్పిన మనిషికి నీ పరీక్ష ఇక్కడ చెల్లదని ఎలా చెప్పాలి?

“బాబాయ్, ఒకడు పెద్ద బస్తా నెత్తినెత్తుకుని పొద్దంతా కలిపి ఒక్కసారి ఇల్లు చేరాడు. ఇంకొకడు చిన్న గంప పెట్టుకుని ఆగకుండా తిరిగాడు. ఎవడు ఎక్కువ తెచ్చినట్టు?”

“గంపవాడే. అయితే?”

“బస్తావాడి మెడ పట్టి చూసి, అబ్బో బరువు అంటున్నావు నువ్వు.”

బాబాయి మొహం ముడుచుకుంది. “చదివించింది నాకు పాఠం చెప్పడానికా?”

“నువ్వు చెప్పిన పాఠమే. చెయ్యి పెట్టే చోటు ఒక్కటే మార్చమంటున్నా. పైపు మీద కాదు, కొలనులో.”

బాబాయి ఎర్రబడ్డ అరచేతిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత తనే లేచి వాల్వు పూర్తిగా తెరిచాడు. నీళ్లు బుసకొట్టి పరుగెత్తాయి. పైపు చల్లబడింది. కాసేపటికి చాపలు కూడా చల్లబడ్డాయి. మండే ఎండలో నల్లటి రబ్బరు అలా చల్లగా ఉండటం బాబాయికి వింతగా తోచింది. వంగి రెండు చేతులతో తడిమాడు.

“ఇంత వేడీ ఎటు పోయిందే?”

“కిందికి.”

ఆ సాయంత్రం కొలను మీద కప్పు లాగి, చంటిపిల్లకు కప్పినట్టు అంచులు సర్దింది కూడా బాబాయే.

సోమవారం అధికారి వచ్చి ముందు డాబా ఎక్కాడు. పైపు పట్టుకుని మొహం చిట్లించి, ఇది కాలడం లేదేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా బాబాయి అందుకున్నాడు.

“కాలకూడదండీ. పైపు కాలుతోందంటే కొలను చల్లగా ఉందన్నమాట. అందరూ పొరపడేది అక్కడే.”

నేను ఆకాశంకేసి చూశాను.

కిందికి దిగాక అధికారి చొక్కా చెయ్యి మడిచి, కొలను గట్టున గొంతుక్కూర్చుని నీళ్లలో మోచేతి దాకా పెట్టాడు. డాక్టరమ్మను ఏదో అడిగాడు, ఆవిడ జవాబు చెప్పారు, మళ్లీ ఏదో అడిగాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

బాబాయి ఆ చేతినే చూస్తూ నా చెవిలో అన్నాడు: “పని అయిపోయిందే.”