గాలి పోయే చోటు

బ్యాండులో క్లారినెట్ వాయించే తమ్ముడికి పక్షవాతం వచ్చి మూతి ఎడమపక్క పడిపోయి నాలుగు నెలలైంది. కాలూ చెయ్యీ దక్కాయి, వేళ్ళు మునుపటిలాగే ఆడుతున్నాయి. సోమవారం బ్యాండు మాస్టారు ఇంటికొచ్చి విని చూస్తానన్నారు. వాయించగలిగితే పాత కుర్చీ అతనిదే, లేకపోతే ఇంకొకరిది. తీరా ఊదితే స్వరం కంటే ముందు బుస్సుమని గాలి వస్తోంది.

"కార్కు అరిగిపోయిందక్కా. గాలంతా అక్కడే పోతోంది," అన్నాడు.

అక్క చెప్పుల కంపెనీలో తోలు కోస్తుంది. బ్లేడూ బంకా ఆమెకు కొత్త కాదు. వంటగది బల్ల మీద గుడ్డ పరిచి, ఊదే ముక్కకు కిందున్న రెండు ముక్కలూ ఒకదానిలో ఒకటి దిగేచోట పొడిపొడిగా రాలుతున్న పాత కార్కును గీకేసింది. కొత్త పట్టీ కొసను ఏటవాలుగా కోసి, బంక రాసి ఆరనిచ్చి, చుట్టూ అతికించింది. ఆపైన గరుకు కాగితంతో రుద్దడం, బిగించి చూడడం, మళ్ళీ రుద్దడం.

రుద్దుతున్నంతసేపూ ఆమెకు ఒకటే గుబులు. ఇది సరిగ్గా కుదిరితే? ఇంకో నాలుగు సార్లు రుద్దితే వదులైపోతుంది, తప్పు కార్కు మీదే ఉండిపోతుంది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కానీ పని చెడగొట్టడం ఆ చేతికి తెలియదు.

"పెళ్ళికూతురి ముస్తాబుకు కూడా ఇంతసేపు పట్టదే."

"నోరు మూసుకో కాసేపు."

"అదే కదక్కా నాకు చేతకానిది."

అమర్చి ఇచ్చింది. ఊదాడు. బుస్సుమంది. ఎడమపక్క నుంచి ఉమ్మి గడ్డం మీదికి జారింది. చొక్కాతో తుడుచుకుని, "ఇంకా పోతోంది," అన్నాడు.

"ఉండు. రంధ్రాలన్నీ మూసి పట్టుకో."

ఊదే ముక్క తీసేసి, దాని కిందున్న రెండు ముక్కలనూ కలిపే ఉంచి మిగతా గొట్టం నుంచి విడదీసి, కింద అరచెయ్యి అడ్డం పెట్టి, పైనుంచి గాలి పీల్చింది. గొట్టం పెదవులకు అంటుకుపోయింది. లాగితే టప్పుమంది. ఆ చప్పుడుకు అర్థమేమిటో అతనికి ఇరవై ఏళ్ళుగా తెలుసు.

"కార్కు బాగుందిరా," అంది.

అతను ముక్కలన్నీ తుడిచి పెట్టెలో సర్దాడు. "మాస్టారికి ఫోన్ చెయ్యి. కార్కు దొరకలేదని చెప్పు. సోమవారం రావద్దను."

ఆమె ఫోన్ చేసి ఆ మాటే చెప్పింది.

"ఓస్, దానికా తల్లీ. నా దగ్గర బోలెడుంది. రేపు పొద్దున్నే నేనే పట్టుకొస్తా. వాడు లేక మాకేమీ కుదరడం లేదని చెప్పమ్మా."

మాస్టారి గొంతు వంటగదంతా వినిపించింది. తమ్ముడు తల ఎత్తలేదు.

"అలాగేనండీ," అంది అక్క.