గోనెసంచిలో ఎడమకాలి చెప్పులు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో సెలవుల ముందురోజు ఒంటిపూటే పని. ఆఖరి దుప్పటి ఇస్త్రీ రోలరు దిగగానే మిషన్లు ఆపేశారు. ఎప్పుడూ హోరెత్తే హాలు ఒక్కసారిగా మూగబోయేసరికి, భోజనానికి కూర్చున్న నలుగురికీ మాట్లాడాలనిపించింది.

"సెలవులొస్తే మీ ఇళ్ళల్లో ఏం చేస్తారో తలా ఒకటి చెప్పండి," అన్నాడు మేస్త్రి.

వ్యాను డ్రైవరు అందుకున్నాడు. "మాకో గొప్ప ఆచారం ఉంది. మా బావమరిది పెట్టేబేడాతో దిగుతాడు. నేను డ్యూటీ ఉందని చెప్పి వ్యానులో పడుకుంటాను."

"అదా సంగతి," అన్నాడు మేస్త్రి. "సెలవులకి వ్యాను తాళాలు మాయమయ్యేది అందుకేనన్నమాట. మా ఇంట్లో పాత ఫొటోలు తీసి ఎవరు లావయ్యారో తేలుస్తారు. ఏటా నేనే గెలుస్తాను."

రోలరు దగ్గర పనిచేసే పెద్దక్క నవ్వి ఊరుకుంది. ఆమెని ఎవరూ అడగలేదు. ఆమె తమ్ముడు ఇల్లు వదిలి వెళ్ళిపోయాడనీ, తల్లి ఆ దిగులుతోనే కృశించిపోతోందనీ వాళ్ళకి తెలుసు.

తెలియనిది దుప్పట్లు మడతపెట్టే మడతలమ్మాయికే. ఆమె చేరి నెలే అయింది.

"మా ఇంట్లో సెలవుల మొదటిరోజు అందరి ఎడమకాలి చెప్పులూ ఒక గోనెసంచిలో వేస్తాం," అందామె. "కళ్ళు మూసుకుని ఒకటి తియ్యాలి. ఎవరి చెప్పు వస్తే ఆ రోజు వాళ్ళ పని మనం చెయ్యాలి. పోయినేడు మా ఆయన మా పాప బొమ్మలన్నిటికీ స్నానాలు చేయించాడు."

"తన చెప్పు తనకే వస్తే?" అన్నాడు డ్రైవరు.

"భోజనాల దాకా నోరు మెదపకూడదు."

పెద్దక్క చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అది తన తండ్రి పెట్టిన ఆట. ఇంటిపనుల దగ్గర అక్కాతమ్ముళ్ళు జుట్టూజుట్టూ పట్టుకుంటుంటే చూడలేక పెట్టాడు. నోరు మెదపకూడదన్నది తల్లి చేర్చింది, వసపిట్టలాంటి తమ్ముడు చిన్నోడి కోసమే. ఆ నాలుగ్గోడలు దాటి అది ఎవరికీ తెలిసే వీల్లేదు. చిన్నోడు చదువు మానేసి పనికి పోతానన్నందుకు తండ్రి కోపం పట్టలేక "మళ్ళీ నా గడప తొక్కకు" అన్నాడు. వాడు తొక్కలేదు. వాడి కోసం తిరగని ఊరు లేదు, అడగని మనిషి లేదు.

"ఎవరు నేర్పారే ఈ ఆట?" వీలైనంత మామూలుగా అడిగింది.

"మా ఆయనే అక్కా. వాళ్ళింట్లో ఉండేదట."

"వాళ్ళిల్లెక్కడ?"

"ఎవరూ లేరంటాడు. గుచ్చి అడిగితే మాట మార్చేస్తాడు."

"ఫొటో ఉందా?"

"అయ్యో, కెమెరా చూస్తే మొహం తిప్పేసుకుంటాడు. మా పెళ్ళికి కూడా సంతకాలే, ఫొటోల్లేవు. ఏంటక్కా, సంబంధం చూస్తున్నట్టు అడుగుతున్నారు? ఇప్పుడు గేటు దగ్గరికి వస్తాడు, చూద్దురుగాని."

పెద్దక్క ఇంకేమీ అడగలేదు. విషయం ముందే తెలిస్తే చిన్నోడు గేటు దాకా రాడు. ఒకసారి జారిపోయినవాణ్ణి మళ్ళీ జారనివ్వకూడదు. చెయ్యి కడుక్కుని అందరికంటే ముందు బయటికి నడిచింది.

మబ్బు పట్టింది. రోడ్డు బోసిగా ఉంది. మలుపులో బండి చప్పుడు వినిపించగానే ఆమె గేటు ఊచ గట్టిగా పట్టుకుంది. బండి ఆగింది. అదే ఒడ్డూపొడుగూ, అవే వంగిన భుజాలు. అతను హెల్మెట్ తీశాడు.

ముక్కూమొహం తెలియని మనిషి.

మడతలమ్మాయి నవ్వుతూ వచ్చి ఏదో చెప్పబోయింది. పెద్దక్క వినిపించుకోలేదు. "ఆ చెప్పుల ఆట ఎవరిది?" అని సూటిగా అతన్నే అడిగింది.

"మాదేనండి."

"అబద్ధం. తన చెప్పు తనకే వస్తే ఎందుకు మాట్లాడకూడదో చెప్పు."

అతను భార్య వంక చూశాడు, తర్వాత నేల వంక చూశాడు.

"నాకు ఇల్లంటూ లేదండి. అనాథాశ్రమంలో పెరిగాను. వంతెన పనిలో ఒకడు నాతో రేకుల గదిలో ఉండేవాడు. సెలవులకి అందరూ ఇళ్ళకి పోతే మేమిద్దరమే మిగిలేవాళ్ళం. వాడే ఆడించాడు. ఉన్నవి రెండే చెప్పులు కదా, చాలాసార్లు ఎవరిది వాళ్ళకే వచ్చేది. మధ్యాహ్నం దాకా ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చునేవాళ్ళం."

"వాడేడి?"

అతని మొహంలో రంగు మారింది. "మీరు... వాడి అక్కా?"

"వాడేడని అడిగాను."

"లేడక్కా. వంతెనకి కట్టిన సెంట్రింగు కూలింది. నేను టీకి కిందికి దిగాను, వాడు పైనే ఉన్నాడు. ఊరు ఎవరికీ చెప్పలేదు, కబురు ఎక్కడికి పంపాలో తెలియలేదు. చివరి పనులన్నీ నేనే చేశాను. వాడు పోయాక ఆ ఆట నాది చేసుకున్నాను. నాకూ ఒక ఇల్లుండేదని చెప్పుకోవాలనిపించింది."

"ఇంటికెందుకు రాలేదు?"

"వాళ్ళ నాన్న ఉన్నంతకాలం రానన్నాడు."

"వాడు ఇల్లు వదిలిన ఏడే నాన్న పోయాడు," అంది పెద్దక్క.

మడతలమ్మాయి మెల్లిగా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మ ఉంది," అంది పెద్దక్క. "నేను చెప్తే నమ్మదు. కళ్ళారా చూసినవాడు చెప్పాలి. నువ్వు రావాలి."

"ఏ మొహంతో రానక్కా?"

"నీకున్న మొహంతోనే రా."

పెద్దక్క ఇంటికి ముగ్గురూ నడిచే వెళ్ళారు. దారిపొడవునా అతను బండి తోసుకుంటూ ఒక్క అడుగు వెనకే ఉన్నాడు. రెండో అంతస్తులో తలుపు దగ్గరగా వేసి ఉంది. కిటికీ పక్కన కూర్చున్న తల్లి అడుగుల చప్పుడుకి తల తిప్పింది. కూతుర్ని చూసింది, పక్కనున్న మడతలమ్మాయిని చూసింది. వాళ్ళ వెనక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ కుర్రాడి మీద ఆమె చూపు ఆగిపోయింది. చాలాసేపు అతన్నే చూసింది.

"నిలబడి చెప్పే మాటలా లేదు," అంది తల్లి. "కూర్చో నాయనా."