కరగని పట్టీ

జెల్ కరగడం లేదని శరణ్య చెప్పినప్పుడు రామమూర్తి తల ఎత్తలేదు. లాప్‌టాప్‌లో స్లైడ్లు సరిచేసుకుంటూనే, "మళ్ళీ చేసి చూడమ్మా" అన్నాడు.

"మస్తుసార్లు చేసిన సార్. మన లాబ్ నీళ్ళతోని కరుగుతున్నది. ఫరీదాబాద్ నీళ్ళతోని కరగతలేదు."

"ఆ నీళ్ళు ఎవరు తెమ్మన్నారు?"

"ఎవ్వరు తెమ్మనలే. క్లినిక్‌ల బోరు నీళ్ళతోనే పుండ్లు కడుగుతున్నరని పట్టీల కంపెనీ సాయిప్రకాష్ సార్ మాటల్ల అన్నడు. అనుమానమొచ్చి నేనే పొయ్యి తెచ్చిన."

ఇప్పుడు రామమూర్తి తల ఎత్తాడు. దక్షిణ ఢిల్లీలోని ఆ పరిశోధన సంస్థలో ఆయనది పెద్ద పేరు. ఊరు గుంటూరు. సిద్దిపేట నుంచి వచ్చి, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు తడబడుతున్న శరణ్యను మిగతావాళ్ళు వద్దంటే పీహెచ్‌డీకి ఆయనే తీసుకున్నాడు. ఆ సంగతి ఆమె మరిచిపోలేదు, ఆయనా మరవనివ్వలేదు.

జెల్ మాత్రం శరణ్య చేసిందే. ఆమె తయారుచేసిన అణువులను నీళ్ళలో వేసి, ఆ నీళ్ళను కాస్త పులుపెక్కిస్తే, అవి వాటంతట అవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బంక అక్కర్లేదు, కుట్టు అక్కర్లేదు. పక్కపక్కన చేరి పోగులవుతాయి, పోగులు అల్లుకుని వలవుతాయి, ఆ వలలో నీళ్ళు చిక్కుకుని జున్నులా గట్టిపడతాయి. ఆ జున్నులో మందు దాచి పట్టీగా పుండు మీద వేయాలి. మానుతున్న చర్మంలో కొంచెం పులుపు ఉంటుంది కాబట్టి జెల్ కదలదు. చీము పడితే ఆ పులుపు పోయి క్షారం పెరుగుతుంది. వెంటనే అణువులు పట్టు వదిలేస్తాయి, జెల్ కరిగి మందు పుండులోకి దిగుతుంది. దానితోపాటు దాచిన నీలం రంగు పట్టీ పైకి తేలుతుంది. నీలం కనబడితే పట్టీ విప్పి చూడాలి, కనబడకపోతే పుండు క్షేమం. మొదటిసారి ఇది లాబ్‌లో పనిచేసిన రోజు శరణ్య సిద్దిపేటకు ఫోన్ చేసి అరగంట మాట్లాడింది.

కానీ ఫరీదాబాద్ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. అందులోని కాల్షియం పోగుల మధ్య దూరి వాటిని బిగించి కట్టేస్తోంది. ఇక ఎంత చీము పట్టినా అణువులు విడిపోవు.

"మందు బయటికి రాదు సార్. రంగు గూడ రాదు. లోపల కుళ్ళుతున్నా పైన మంచిగనే ఉన్నట్టు కనబడ్తది. పట్టీ అబద్ధం చెప్తది."

"మంచి పాయింటే. లిమిటేషన్స్‌లో రాద్దాం. వచ్చే పేపర్‌కి పనికొస్తుంది."

"మరి ఇప్పుడు ట్రయల్ అని క్లినిక్‌ల మనుషులకు వేస్తున్నరు గదా?"

"అది సాయిప్రకాష్ చూసుకుంటాడు. సెలైన్‌తోనే కడగాలని ప్రోటోకాల్‌లో స్పష్టంగా రాశాం."

"రాసినం. కడుగుతలేరు."

రామమూర్తి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. "చూడు శరణ్యా, వచ్చే వారం ఫండింగ్ కమిటీ వస్తోంది. అది కానీ, కూర్చుని మాట్లాడుకుందాం. ఈలోగా బయట అనకు. ఇంత దూరంలో ఉన్న తెలుగువాళ్ళం, ఒకళ్ళనొకళ్ళం కాపాడుకోవాలి. ఆదివారం భోజనానికి రా. మీ కస్తూరి ఆంటీ అడుగుతోంది నిన్ను."

ఆయన కసిరినా బాగుండేది, తనూ గట్టిగా నాలుగు మాటలు అనేది. ఆ మెత్తదనం ముందు ఏం అనాలో తెలియక బయటికి వచ్చేసింది.

సాయిప్రకాష్ రామమూర్తి పాత శిష్యుడు. పట్టీలు తయారుచేసే చిన్న కంపెనీ అతనిదే. ఫోన్ చేస్తే, "సార్ ఓకే అన్నారు కదండీ, మరి నాకెందుకు చేస్తున్నారు?" అన్నాడు. మెయిల్ పెడితే జవాబు లేదు. కమిటీ వచ్చింది, చూసింది, చప్పట్లు కొట్టింది. రామమూర్తి స్లైడ్లలో బోరు నీళ్ళ ముక్క లేదు. వెనక వరసలో కూర్చున్న శరణ్య ఆ చప్పట్లు అయ్యేదాకా చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా మెట్రో ఎక్కి ఫరీదాబాద్ వెళ్ళింది.

ఫ్యాక్టరీల వరస చివర ఉంది క్లినిక్. ముందుగదిలో కూలర్ వేడిగాలినే తిప్పుతోంది. సుభద్ర అనే నర్సు ఒకతని మోచేతిని కుళాయి కింద పెట్టి కడుగుతోంది.

"దీదీ, సెలైన్‌తో కదా కడగాలి?" అని శరణ్య హిందీలో అడిగింది.

"సీసాలు పంపిస్తే కడుగుతాం. పంపినవి ఎప్పుడో అయిపోయాయి. కాలిన చేత్తో వచ్చినవాళ్ళని, సీసాలు వచ్చేదాకా కూర్చోమనాలా?" సుభద్ర చిరాగ్గా అని, మళ్ళీ పనిలో పడింది.

బెంచీ మీద ఒకామె గోడకు జారబడి ఉంది. పేరు గౌరి. బిహార్ నుంచి వచ్చి ప్లాస్టిక్ మూతలు పోసే మెషీన్ మీద పనిచేస్తోంది. వేడి అచ్చు ఎడమ చేతి మీద పడింది. అరచేతి నుంచి వేళ్ళ దాకా తెల్లటి పట్టీ, ఎక్కడా నీలం లేదు. కానీ ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అంత వేడిలోనూ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"జ్వరమా?" అంది శరణ్య.

"నిన్నటి నుంచి. చేతికి సంబంధం లేదట. రంగు రాలేదుగా."

శరణ్య సుభద్ర వైపు తిరిగింది. "ఆ పట్టీ విప్పండి."

"రంగు రాకుండా విప్పొద్దన్నారు కంపెనీవాళ్ళు. మీరు డాక్టరా?"

"కాదు. అది తయారుచేసింది నేను. విప్పండి దీదీ."

ఆమె ముఖం చూసి సుభద్ర పైగుడ్డ తీసింది. జెల్ ముక్కలవకుండా, కొబ్బరి పలుకులా ఒకే బిళ్ళగా ఊడి వచ్చింది. దాని వెనకే వాసన వచ్చింది. మోచేయి కడిగించుకున్నతను లేచి బయటికి వెళ్ళిపోయాడు. గౌరి మాత్రం తన అరచేతి వైపు ఎవరిదో చూస్తున్నట్టు చూసింది.

ప్రభుత్వాసుపత్రికి ఆటోలో తీసుకెళ్ళారు. చెయ్యి దక్కింది, చిటికెన వేలు దక్కలేదు. దాని పక్క వేలు ఇక వంగదన్నారు.

ఆ తర్వాతి ఆదివారం శరణ్య వసంత్ కుంజ్‌లో రామమూర్తి ఇంటికి వెళ్ళింది, భోజనానికి కాదు. అయినా కస్తూరి కంచం పెట్టేసింది. గోంగూర, ముద్దపప్పు, వడియాలు. కాలేజీలో చదువుతున్న కూతురు నేహా ఫోన్ చూసుకుంటూ తింటోంది.

"సార్, గౌరి వేలు తీసేసిన్రు" అంది శరణ్య, కంచం ముట్టుకోకుండా.

"సాయిప్రకాష్ చెప్పాడు. చాలా బాధాకరం." రామమూర్తి అన్నం కలుపుకుంటున్నాడు. "ఒక్క కేసు చూసి కంగారు పడకూడదమ్మా. ఆవిడ ఇంటి దగ్గర ఏం చేసుకుందో మనకేం తెలుసు?"

"ఏం చేసుకోలే సార్. మీరు విప్పొద్దన్నరు, ఆమె విప్పలే. ఇంక ఎంతమందికి ఉన్నయో ఆ పట్టీలు? ఇయ్యాల్నే తీపియ్యండి."

"తీయిస్తే ఎందుకు తీయించామో చెప్పాలి. ఎప్పటి నుంచి తెలుసో చెప్పాలి. అక్కడ నీ పేరూ వస్తుంది. ఇది నీ పీహెచ్‌డీ, మర్చిపోకు. ఇది కూలితే నువ్వూ కూలతావు."

"కూలనియ్యండి."

నేహా ఫోన్ పక్కన పెట్టింది. "పాపా, సచ్ హై క్యా? నిజమేనా? మీకు ముందే తెలుసా?"

"నువ్వు తిను" అన్నాడు రామమూర్తి. ఆ ఇంట్లో ఆయన గొంతు పెరగడం శరణ్య వినడం అదే మొదలు.

ఆమె లేచింది. కస్తూరి చెయ్యి పట్టుకుంది. "కంచం ముందు నుంచి అలా లేవకూడదమ్మా. నాలుగు ముద్దలు తిని మాట్లాడుకోండి."

"మీ మీద కోపం లేదు ఆంటీ. కానీ ఈడ కూసొని తింటే నేను గూడ ఒప్పుకున్నట్టే."

మెట్లు దిగుతుంటే ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. అదే సాయంత్రం సంస్థ నైతిక కమిటీకి ఫిర్యాదు పంపింది. బోరు నీళ్ళ ఫలితాలు, సాయిప్రకాష్‌కు పెట్టిన మెయిల్ అన్నీ జతచేసింది. మర్నాటికల్లా పట్టీలన్నీ విప్పించమని క్లినిక్‌కు ఆదేశం వెళ్ళింది. ఇంకొకతని పాదంలో చీము దొరికింది. తొందరగా చూశారు కాబట్టి అతను బయటపడ్డాడు.

ఆ మాట చెబుదామని గౌరి వార్డుకు వెళ్ళింది. చెబుతుంటే గౌరి మధ్యలో ఆపింది.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు. మా సార్‌కి చెప్పాను."

"నాకు చెప్పలేదుగా." గౌరి కట్టు ఉన్న చెయ్యి ముందుకు పెట్టింది. "మీ సార్‌కి చెప్పారు. మీ సార్‌కి చెప్పి, ఇంటికెళ్ళి పడుకున్నారు. చెయ్యి నాది."

గౌరి గోడ వైపు తిరిగి పడుకుంది. శరణ్య చాలాసేపు స్టూలు మీదే కూర్చుంది. ఇక లేవబోతుంటే గోడ వైపు నుంచే గౌరి అడిగింది. "ఆ కమిటీ ఎక్కడ కూర్చుంటుంది? నేనూ వస్తాను."

విచారణ రోజున అధ్యక్షుడు, పేషెంటు రావలసిన అవసరం లేదన్నాడు. "వచ్చేశాను కదా" అంది గౌరి, చివరి కుర్చీలో కూర్చుంటూ. ఆమెను లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

రామమూర్తి ఇంగ్లీషులో మాట్లాడాడు. ప్రోటోకాల్ డీవియేషన్ అన్నాడు, సైట్ లెవెల్ ఇష్యూ అన్నాడు, ఉత్సాహవంతురాలైన విద్యార్థిని తొందరపాటు అన్నాడు. శరణ్య పిడికిలి బిగించుకుని విన్నది. తన వంతు రాగానే నిలబడి, ఏ రోజు ఏం చెప్పిందో, ఆయన ఏమన్నాడో వరసగా చెప్పింది.

ఆమె ముగించాక గౌరి రామమూర్తి వైపు తిరిగింది. "సాబ్, మీ అమ్మాయి చెయ్యి కాలితే, ఆ కుళాయి నీళ్ళతో కడిగి ఈ పట్టీ వేసేవారా?"

రామమూర్తి అధ్యక్షుడికి ఇంగ్లీషులో ఏదో చెప్పబోయాడు.

"నాతో చెప్పండి. హిందీలో చెప్పండి" అంది గౌరి.

ఆయన నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. గదిలో ఎవరి కాగితాలు వాళ్ళు చూసుకున్నారు.

నివేదిక వచ్చింది. ప్రయోగం రద్దు. రామమూర్తి కొంతకాలం పాటు మనుషుల మీద పరీక్షలు జరపకూడదు. డిపార్ట్‌మెంట్ హెడ్ పదవి మాత్రం ఆయనదే. జరిగినదానికి కారణం 'సమాచార లోపం' అని రాశారు. కింద శరణ్య సంతకం కోసం జాగా వదిలారు.

శరణ్యను తన లాబ్‌లోకి తీసుకోవడానికి ఒప్పుకున్న ప్రొఫెసర్ భరద్వాజ్ ఆ కాగితం ఆమె ముందు పెట్టాడు. ముక్కుసూటి మనిషి. "సంతకం పెట్టెయ్. గొడవ ముగుస్తుంది, నీ పని మొదలవుతుంది."

"లోపం ఎక్కడుంది సార్? నేను చెప్పాను. ఆయన విన్నారు. విని వద్దన్నారు" అంది శరణ్య హిందీలో.

"నువ్వు పెట్టకపోయినా నివేదిక మారదు."

"మారకపోనివ్వండి. నా పేరు మాత్రం దాని కింద ఉండదు."

భరద్వాజ్ ఇంకేదో అనబోయి, కాగితం తీసుకుని డ్రాయర్‌లో పడేశాడు. పాత లాబ్‌లోవాళ్ళు క్యాంటీన్‌లో ఎదురైతే ఇప్పటికీ టీ కప్పులు పట్టుకుని వేరే బల్లకు పోతారు. శరణ్య కొత్త లాబ్‌లో అదే అణువును మళ్ళీ మొదటి నుంచి కడుతోంది, కాల్షియానికి పట్టు చిక్కని కొస పెట్టి. ఇంకా కుదరలేదు.

నష్టపరిహారం అడిగితే, గౌరి తమ మనిషే కాదని ఫ్యాక్టరీ అంటోంది, కాంట్రాక్టర్‌ని అడగమంటోంది. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు. వాయిదా ఉన్న రోజున శరణ్య సెలవు పెట్టి ఫరీదాబాద్ లేబర్ ఆఫీసుకు వెళుతుంది. గౌరి ఆమెను క్షమించానని ఎప్పుడూ అనలేదు. బెంచీ మీద పక్కన మాత్రం జాగా ఉంచుతుంది.

మొన్న గుమాస్తా వచ్చి, ఇవాళ ఆఫీసర్ సాబ్ రారు, వచ్చే నెల రమ్మన్నాడు. శరణ్యకు ఒళ్ళు మండి, గట్టిగా అడగడానికి లేచింది. గౌరి అప్పటికే లేచి, గుమాస్తా వెనకే లోపలి గదిలోకి నడుస్తోంది.