వెన్న డబ్బా కూపీ

ఆవిడ అసలు పని రొట్టెలు కాల్చడం. కొసరు పని ఊరందరి గుట్టూ లాగడం. పోస్ట్‌మ్యాన్ గొడుగు ఎవరెత్తుకెళ్ళారో, పెళ్ళి కేకు మీద పడిన వేలిముద్ర ఎవరిదో ఆవిడే తేల్చింది. అందుకే ఊళ్ళో అందరికీ ఆవిడ కూపీ వదిన. పైకి విసుక్కునేది గానీ, ఆ పేరంటే లోలోపల మహా మురిపెం. ఆ మురిపెమే కొంప ముంచింది.

బేకరీలో పొయ్యి ఆవిడది, పిండి ఆవిడ మొగుడిది. ఆయన్ని ముక్కు మాస్టారు అంటారు. కొత్త వెన్న డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చి, ఆయన ‘ఊఁ’ అంటేనే అది పిండిలో పడాలి. ఆయన ‘ఊఁహూఁ’ అన్న డబ్బాకి ఇక అప్పీలు లేదు. మనిషికి ఊళ్ళో ఉన్న పరువంతా ఆ ముక్కుదే.

అలాంటి కొట్లో బన్నులు కంపు కొట్టడం మొదలైంది. కొన్నవాళ్ళు తిరిగి తెచ్చి, మాటా పలుకూ లేకుండా బల్ల మీద పెట్టి పోతున్నారు. వదిన ఆలోచన సూటిగానే సాగింది. మాస్టారు వాసన చూసిన డబ్బా చెడ్డదై ఉండదు. అంటే ఆ తర్వాత ఎవరో మారుస్తున్నారు. తనూ ఆయనా కాక కొట్లో మిగిలింది తోడికోడలొక్కతే. మరిది పోయాక వీళ్ళ నీడనే ఉంటూ, ట్రేలు కడుగుతూ, ఇంత పడేస్తే తింటూ బతుకుతున్న మనిషి.

ఒక మధ్యాహ్నం ఆ తోడికోడలే తువ్వాలు కింద వెన్న డబ్బా దాచుకుని పెరటి తలుపు దాటబోతూ దొరికిపోయింది.

“ఏంటది?”

తోడికోడలు తువ్వాలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

“ఇంట్లో మనిషివని నెత్తిన పెట్టుకుంటే, మా నోట్లోనే మట్టి కొడతావా?”

కొట్టు నిండా జనం. వదిన నోటికి అడ్డూ ఆపూ లేదు. డబ్బా పైకెత్తి అందరికీ చూపించింది. దొంగ దొరికిందన్న ఊపులో, తలెత్తకుండా పిండి పిసుకుతున్న మొగుణ్ణి గమనించనే లేదు. తోడికోడలు ఆయన వైపొకసారి చూసి, సంచి సర్దుకుని, పక్క వీధిలో దర్జీ ఇంటి వెనకగదికి వెళ్ళిపోయింది.

పీడ విరగడైందనుకుంటే, బన్నులు మునుపటికన్నా ఎక్కువగా తిరిగొచ్చాయి.

ఎదురు బేకరీవాడి పనేనని వదిన తీర్మానించింది. చెడిపోయిన డబ్బా ఒకటి అరలో ముందు పెట్టింది, ఎలాగూ మాస్టారి ముక్కు దాన్ని పిండిలో పడనివ్వదన్న ధీమాతో. బజారుకెళ్తున్నానని చెప్పి, పెరటి వైపు నుంచి వచ్చి, పిండి బస్తాల వెనక నక్కింది. అరలో డబ్బా ఎవడు ముట్టుకుంటే వాడే దొంగ. గోడ దూకి ఎవడూ రాలేదు. మొగుడే వచ్చాడు. మూత తీశాడు. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాడు. బస్తాల వెనకున్న వదినే కంపు భరించలేక కొంగుతో ముక్కు మూసుకుంది. ఆయన మాత్రం ‘ఊఁ’ అని, గరిటెడు వెన్న తీసి పిండిలో వేశాడు.

చూసేవాళ్ళెవరూ లేకపోయినా ‘ఊఁ’ అన్నాడు పాపం. అది విన్నాక వదినకు ఏడుపాగలేదు.

“ఎన్నాళ్ళ నుంచండీ?” అంటూ లేచింది.

మాస్టారు పీట మీద కూలబడ్డాడు. “ఆ జ్వరమొచ్చి తగ్గింది చూడు, అప్పట్నుంచి. కాలినా తెలీట్లేదు, కుళ్ళినా తెలీట్లేదు. మరదలు కనిపెట్టేసింది. ఎవరికీ చెప్పొద్దని కాళ్ళావేళ్ళా పడ్డాను. తన కంటబడిన చెడ్డ డబ్బాలు తనే చాటుగా తీసుకెళ్ళి పారబోసేది.”

“మరి అందరి ముందూ నేను దాన్ని కడిగిపారేస్తుంటే, మీ నోరేమైంది?”

“చెబుదామనే అనుకున్నా. నోరు రాలేదే.” పిండి చేతులతోనే మొహం కప్పుకున్నాడు. “ఈ ముక్కు లేకపోతే ఈ ఊళ్ళో నేనెవర్నే?”

వదిన ఉన్నపళాన దర్జీ ఇంటికి పరుగెత్తింది. “తప్పయిపోయింది, వచ్చెయ్యవే,” అంటూ తోడికోడలి చేతులు పట్టుకుంది.

“వస్తా అక్కా. కానీ అందరి ముందూ అన్నావు, అందరి ముందే కాదను. బావగారి సంగతి ఎత్తక్కర్లేదు. ‘మా తోడికోడలు కాదు’ అను, చాలు. నేను వంటగదిలోకి వెళ్తే చాలు, దర్జీ భార్య పాల మీద మూత పెట్టేస్తోందక్కా.”

“రేపే అంటా. ఒట్టు.”

మర్నాడు సాయంత్రం కొట్టు కిటకిటలాడింది. వెన్న ఇప్పుడు వదినే ముందుగా చూసి పెడుతోంది గనక బన్నులు కమ్మగా వచ్చాయి. తోడికోడలు సంచితో సహా వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

“ఆవిణ్ణి పంపించావు, ఆవిడ మార్చిన పాత వెన్నా అయిపోయినట్టుంది, బన్ను దారిలో పడింది వదినా!” అన్నాడు గడియారాల షాపాయన. “నీ కూపీ ఎప్పుడు తప్పింది గనక!”

తోడికోడలు కాదు అనడానికి వదిన నోరు తెరిచింది. అంటే తర్వాత ఏమడుగుతారో ఆవిడకు తెలుసు. జీవితమంతా ఆ ప్రశ్న అడుగుతూ మురిసిపోయిన మనిషాయె. తోడికోడలు కాకపోతే మరెవరు? మిగిలింది ఇద్దరే. లోపల పిండి పిసకడం ఆగిపోయింది. ఆయన వింటున్నాడు.

“ఏంటి వదినా, కాదంటావా?”

గుమ్మం వైపు చూడటానికి ఆవిడకు మొహం చెల్లలేదు. బన్ను కాగితంలో చుట్టి షాపాయన చేతిలో పెట్టింది.

“అవును,” అంది. “అదే చేసింది.”

లోపల మాస్టారు మళ్ళీ పిండి పిసకడం మొదలుపెట్టాడు. బన్నులు కొనుక్కుని బయటికెళ్తున్న దర్జీ భార్య, గుమ్మంలో ఉన్న మనిషికి తగలకుండా ఒళ్ళు దగ్గరికి తీసుకుని మెట్లు దిగింది.