గ్రైండరు ఆగినప్పుడు

కాఫీ మిషనులో పాలు నురగ కొట్టిన గొట్టాన్ని వెంటనే తుడిచేయాలి. కాస్త ఏమరితే చాలు, పాలు దానికి అట్టకట్టేసి గోరుతో గీకినా రావు. ఈ సంగతి నాకు మా ఆయన చెప్పాడు. ఆయనకి ఏదో వీడియోలో ఎవరో చెప్పారు. "తడిగుడ్డ ఎప్పుడూ చేతికందేచోట ఉండాలోయ్" అని నాకు పాఠం చెప్పిన మనిషికి, ఆ గుడ్డ మా వంటింట్లో ఎక్కడ ఆరేస్తామో ఈనాటికీ తెలీదు. నాకు తెలుసు. కింద ట్రేలో చేరిన మురికినీళ్ళు పారబోయడం తెలుసు. పిడి ఉన్న గిన్నెలోంచి కాఫీ పిప్పిని బిళ్ళలా తట్టి చెత్తబుట్టలో వేయడం తెలుసు. గ్రైండరు నోటి దగ్గర రాలిన పొడిని బ్రష్షుతో ఊడ్చడం, ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా నీళ్ళ తొట్టిలో మందు కలిపి లోపలంతా కడగడం, అన్నీ తెలుసు. ఇవి తప్ప మిగతాదంతా ఆయనకి తెలుసు.

మిషను నా పుట్టినరోజుకి వచ్చింది. కొనేముందు ఆయన చేసినంత పరిశోధన మా పెళ్ళికి ముందు నా గురించి కూడా చేసి ఉండడు. రాత్రుళ్ళు పక్కమీద ఫోను పట్టుకుని ఎవరెవరో రాసినవి చదివి, నాకు నిద్రపట్టే సమయానికి తట్టిలేపి వినిపించేవాడు. "గ్రైండరు కూడా దాంట్లోనే ఉందోయ్! విడిగా కొనాలంటే తడిసి మోపెడవుతుంది. ఈ ధరకి ఇంతకన్నా మంచిది దొరకదు. నీ పని ఎంత తేలికైపోతుందో చూడు!" నా పని. ఆ మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. నా పుట్టినరోజుకి నా పనికి కానుక తెచ్చిన మనిషిని ఏమనాలి? కానీ పెట్టె విప్పుతున్నప్పుడు ఆయన సంబరం చూస్తే నోరు రాలేదు. "బావుందండీ" అన్నాను. నిజానికి ఆ చిక్కటి చేదు నాకు పడదు. నాకు పెద్ద గ్లాసులో పాలు ఎక్కువగా, పంచదార ఇంకా ఎక్కువగా ఉండే కాఫీ కావాలి. మా అత్తగారు మొదటి గుక్క తాగి, "ఇంత హడావిడీ ఈ కషాయానికా?" అన్నారు. అని, నురగ ఎక్కువ వేసి ఇమ్మని కప్పు నాకే అందించారు.

అంతకుముందు గిన్నెడు పాలు పొయ్యిమీద పెడితే అందరికీ ఒకేసారి అయిపోయేది. కప్పులన్నీ పళ్ళెంలో పెట్టుకుని వచ్చి నేనూ వాళ్ళతో కూర్చునేదాన్ని. ఇప్పుడు ఒక్కొక్క కప్పే. చవక మిషను కాబట్టి కాఫీ దించేటప్పుడు నురగ కొట్టదు, నురగ కొట్టాక చల్లబడేదాకా మళ్ళీ కాఫీ దించదు. పొడి మరీ మెత్తనైతే చుక్క దిగదు, గరుకైతే నీళ్ళలా కారిపోతుంది. ఒకరికిచ్చి రెండో వాళ్ళది చేసేలోపు మొదటి వాళ్ళది అయిపోతుంది. "ఇంకోటి ఉంటుందా?" అని అడుగుతారు, పాపం, ఎంతో మర్యాదగా. అన్ని పనులూ ఒకేసారి చేసే యంత్రం కావాలంటే చాలా ఖర్చవుతుందట. మా ఇంట్లో అలాంటిది ఎప్పట్నుంచో ఊరికే పనిచేస్తోంది కదా అని ఆయనతో అనబోయి ఊరుకున్నాను. మిషను గోడవైపు ఉంది. హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేదు, కానీ కాఫీ పెడుతున్నంతసేపూ నా వీపే హాలులో ఉంటుంది.

ఇక అసలు సంగతి. నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఊళ్ళో కుళాయిల నీళ్ళూ బోర్ల నీళ్ళూ సీసాల్లో మా దగ్గరకొస్తాయి, తాగొచ్చో లేదో మేం చెప్తాం. పెళ్ళి కాకముందు చేరినదాన్ని, మా అమ్మాయి ఇప్పుడు కాలేజీ హాస్టల్లో ఉంది, అన్నేళ్ళ సర్వీసు. నా దగ్గర సీసా ఎలా పట్టుకోవాలో నేర్చుకున్నవాళ్ళు నా సెలవు చీటీల మీద సంతకాలు పెట్టే స్థాయికి వెళ్ళారు. పోయిన వారం పెద్దసారు నన్ను గదిలోకి పిలిచారు. ఊరి బయట కొత్త ల్యాబు తెరుస్తున్నారు. "దాన్ని మీ చేతుల్లో పెడదామనుకుంటున్నానమ్మా. ఇన్‌చార్జి మీరే. నీళ్ళు తెల్లవారుతూనే వస్తాయి కాబట్టి షిఫ్టు పొద్దున్నే. ఆరింటికి కంపెనీ బస్సు. ఆలోచించుకుని వచ్చే సోమవారం చెప్పండి" అన్నారు. ఆలోచించడానికేముంది! గుండె ఎగిరి గంతేసింది. కానీ నోరు మాత్రం దానంతటది, "ఇంట్లో ఒక మాట అనుకుని చెప్తాను సార్" అంది. ఆ నోటిని అక్కడికక్కడే నొక్కేయాలనిపించింది.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన ఫోనులోంచి తలెత్తి, "మంచిదే. చాలా మంచిదే" అన్నాడు. తర్వాత, "ఆరింటికా?" అన్నాడు. ఆ తర్వాత, "చూద్దాం" అన్నాడు. మా ఇంట్లో చూద్దాం అన్న మాటకి నాకు అర్థం తెలుసు. నేను కారు నడపడం నేర్చుకుంటానన్నప్పుడు చూద్దాం అన్నాడు. చదువు ఇంకో రెండేళ్ళు పొడిగిస్తానన్నప్పుడూ చూద్దాం అన్నాడు. వద్దనడు. వద్దంటే పోట్లాడొచ్చు. చూద్దాం అన్నవాడితో ఎలా పోట్లాడతాం? ఆయన పొద్దున్నే పార్కులో నడకకి వెళ్ళి ఏడింటికి తిరిగొస్తాడు. వచ్చి చెప్పులు విడిచేసరికి వేడి కప్పు చేతిలో ఉండాలి. ఆరింటి బస్సెక్కిన మనిషి ఏడింటి కప్పు ఎలా ఇస్తుంది? ఈ మాట ఆయన అనలేదు. నేనూ అనలేదు.

ఆ వారమంతా కాలుకాలిన పిల్లిలా తిరిగాను. ఫ్రిజ్ తెరిచి ఎందుకు తెరిచానో తెలియక మూసేదాన్ని. ల్యాబులో ఒక సీసాకి రెండుసార్లు పరీక్ష చేశాను. బస్సులో కూర్చుని ఆయనతో వాదిస్తూ మా స్టాపు దాటిపోయాను. వాదనంతా నాలోనే. ఆయన పాత్ర కూడా నేనే వేసుకుని, ఆయన అడగబోయే ప్రశ్నలన్నీ నేనే అడిగి, వాటికి జవాబులు వెతుక్కుంటున్నాను. అత్తయ్య మందులు డబ్బాలో సర్ది పెట్టి వెళ్తాను. వంట రాత్రే సగం చేసేస్తాను. కాఫీకి? కాఫీకి ఫ్లాస్కు పెడితే? ఛీ, నురగ చచ్చిపోతుంది, ఆయన తాగడు. ఇంతలో నామీద నాకే ఒళ్ళు మండింది. నాకొచ్చిన ఉద్యోగానికి నేను ఇలా ఫ్లాస్కులు వెతుక్కోవడమేమిటి? నేనేం తప్పు చేశాను? అయినా రాత్రి కళ్ళు మూసుకుంటే మళ్ళీ ఫ్లాస్కే.

శుక్రవారం మా ఆయన నవ్వుతూ వచ్చాడు. "మీ పెద్దసారు రోజూ నాతోపాటే పార్కులో నడుస్తాడు తెలుసా? ఆదివారం కాఫీకి రమ్మన్నాను. నీ చేతి కాఫీ తాగాలట!" నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఇంతకాలం ఈ మనిషిని ఎంత తప్పుగా అనుకున్నాను అనిపించింది. నా నోటితోనే సరే అని చెప్పుకోవడానికి పెద్దసారుని ఇంటికి పిలిచాడనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో! ఆదివారం ఇస్త్రీ బట్టలు వేసుకున్నాను. గింజల డబ్బా కడిగి ఆరబెట్టాను. అద్దం ముందు నిలబడి, "నేను సిద్ధమే సార్" అని రెండు రకాలుగా అని చూసుకున్నాను.

పెద్దసారు వచ్చారు. మా అత్తగారికి నమస్కారం పెట్టి సోఫాలో కూర్చున్నారు. మా ఆయన మిషను చూపించి, ఎంతకి కొన్నాడో, బయట షాపులో ఇలాంటిది ఎంతుంటుందో, గ్రైండరు లోపలే ఉండడం వల్ల లాభమేమిటో, గింజలు అప్పటికప్పుడు దంచితే వచ్చే వాసన ఎలా ఉంటుందో వివరించాడు. "ఒక్కసారి రుచి చూస్తే వదలరు సార్." నేను మీట నొక్కాను. గ్రైండరు గర్రుమంది. అది తిరుగుతున్నంతసేపూ హాలులో వాళ్ళు గొంతు పెంచి మాట్లాడతారు, నాకు మాత్రం ఒక్క ముక్క తెలీదు. ఆగాక మళ్ళీ గొంతులు తగ్గుతాయి. నాకు అందేవి మాటల తోకలే. మొదటి కప్పు పెద్దసారుకి. "అబ్బ!" అన్నారాయన. రెండోది మా ఆయనకి. పార్కులో కుక్కల గురించి ఏదో నవ్వుకుంటున్నారు. నా మాట ఎప్పుడు ఎత్తాలా అని చూస్తున్నాను. అత్తగారి కప్పు ఒక్కటి ఇచ్చేస్తే కూర్చోవచ్చు, కూర్చున్నాక చెప్పొచ్చు. మూడోసారి మీట నొక్కాను.

గింజలు నిండుకున్నాయి. గ్రైండరు ఖాళీగా తిరుగుతూ కీచుమంటుంటే ఠక్కున ఆపేశాను. ఆ చప్పుడులోనూ వినిపించాలని మా ఆయన పెంచిన గొంతు పెంచినట్టే ఉండిపోయింది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో ఆయన మాట ఒక్కటే గట్టిగా పలికింది.

"ఆవిడకే ఇష్టం లేదు సార్! మీ మొహం మీద చెప్పలేక మొహమాటపడుతోంది, అంతే!"

నా చెయ్యి అలవాటుగా గింజల పొట్లం మీదికి వెళ్ళింది. పొట్లం విప్పాను కూడా. తర్వాత పోయలేకపోయాను. వద్దని ఆయన అంటే ఆయన మాట అయ్యేది. కావాలని తపించిపోతున్నదాన్ని నేను, నాకే ఇష్టం లేదని నా పేరుతో చెప్పేశాడు. అదీ నేను ఇక్కడే, ఇదే ఇంట్లో, అందరికీ కనబడుతూ నిలబడి ఉండగా. ఎన్నిసార్లు ఇలా చెప్పి ఉంటాడు? మా ఆవిడకి ప్రయాణాలు పడవు, మా ఆవిడకి ఇంట్లో ఉండటమే ఇష్టం, మా ఆవిడే వద్దంది. నా ఇష్టాలన్నీ నాకన్నా ముందు ఊళ్ళోవాళ్ళకి తెలుసన్నమాట. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

పొట్లం అక్కడే వదిలేసి హాలులోకి వెళ్ళాను. ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఆయన నా ఖాళీ చేతులు చూసి, "అమ్మకి కాఫీ ఏదోయ్?" అన్నాడు. పెద్దసారు ఇబ్బందిగా కప్పు కింద పెట్టారు. "ఫర్వాలేదమ్మా. మీవారు చెప్పారు. ఇంటి పరిస్థితులు అందరికీ ఉంటాయి. మీ కింద ఉన్న కుర్రాడు చురుగ్గానే ఉన్నాడు కదా, అతనికి ఇచ్చేద్దాం."

"నాకు ఇష్టం లేదన్న సంగతి నాకిప్పుడే తెలిసింది సార్" అన్నాను.

మా ఆయన పెద్దగా నవ్వాడు. "అదేంటోయ్! మొన్న మనం అనుకున్నాం కదా!"

"మనం అనుకోలేదండీ. మీరు చూద్దాం అన్నారు."

"సరేలే, ఇప్పుడా అవన్నీ? సార్ వెళ్ళాక మాట్లాడుకుందాం."

"సార్‌తో మాట్లాడాల్సిన మాట సార్ వెళ్ళాక ఎందుకండీ?" నా గొంతు నాకే కొత్తగా ఉంది. అద్దం ముందు అనుకున్న రెండు రకాల్లో ఒక్కటీ కాదు. "నేను చేస్తాను సార్. రేపు పొద్దున్న మీ గదికొచ్చి కాగితం మీద కూడా చెప్తాను. ఆరింటి బస్సు నాకు ఇబ్బంది కాదు."

పెద్దసారు మా ఆయన వైపు చూడబోయి, మనసు మార్చుకుని నా వైపే చూశారు. "నిజంగానా అమ్మా? అయితే ఇంకేం, నాకూ అదే కావాలి" అన్నారు.

మా ఆయన మొహం కందగడ్డలా అయింది. నన్ను ఆపడానికి ఆయన దగ్గరున్న కారణం బయటికి చెప్పుకునేది కాదు మరి. ఇంట్లో గడవదు అనొచ్చు, అమ్మ ఆరోగ్యం అనొచ్చు, ఆ మాటలకోసమే వెతుక్కుంటున్నాడని తెలుస్తూనే ఉంది. కానీ మా అత్తగారికి అలాంటి మొహమాటాలు లేవు. ఆవిడ పాపం నిజంగానే కంగారుపడిపోయి, బయటి మనిషి ఉన్నారని కూడా చూడకుండా అడిగేశారు.

"మరి ఏడింటికి వీడికి కాఫీ ఎవరు పెడతారే?"

అత్తగారూ, పెద్దసారూ, మా ఆయనా, ముగ్గురూ జవాబు కోసం నా వైపు చూశారు.

నేను మా ఆయన వైపు చూశాను.